బ్రాకెట్లలో ఉన్నావిడ

నాలుగింటి నుంచి అయిదింటి దాకా పుస్తక ప్రదర్శనలో ఈ బల్ల నాది. బల్ల మీద నా పేరు అచ్చేసిన అట్టముక్క, నా నవల ‘బాల్కనీ తాళంచెవి’ ప్రతులు ఒక దొంతర, చెల్లెలు మాగ్దా కొనిచ్చిన చాక్లెట్ల గిన్నె, రెండు పెన్నులు. సంతకాలు పెట్టీ పెట్టీ ఒకటి ఆగిపోతే ఇంకొకటి ఉండాలిగా, అందుకని రెండు. ఇంట్లో బయల్దేరేటప్పుడు నిజంగానే అలా అనుకున్నాను, సిగ్గు లేకుండా. ఇప్పుడు నాలుగూ పది. నా బల్లకు ఎడమ పక్క ఆరడుగుల దూరంలో నెర్మీన్ బల్ల. ఒకే ప్రచురణకర్త, ఒకే దుకాణం, ఒకే గంట. ఆమె కోసం వచ్చినవాళ్ళ వరుస ఆమె దగ్గర మొదలై, నా బల్లను రాసుకుంటూ సాగి, పిల్లల పుస్తకాల దుకాణం దాటి, మెట్ల దాకా పోయింది. మెట్ల తర్వాత ఎంత దూరం ఉందో నాకు కనబడదు, కనబడకపోవడమే మేలు. వరుసలో నిలబడి కాళ్ళు లాగినవాళ్ళు నా బల్లకు ఆనుకుంటున్నారు. ఒకావిడ తన చేతిసంచి నా పుస్తకాల మీద పెట్టి జడ వేసుకుంది. ఒకతను కుషరీ అన్నం తినేసిన ఖాళీ డబ్బా నా చాక్లెట్ల గిన్నె పక్కన పెట్టి మరిచిపోయాడు, వేయించిన ఉల్లిపాయల వాసన నా పుస్తకాలకు పడుతోంది. “నెర్మీన్ గారి వరుస ఇదేనా మదామ్?” అని అడిగినవాళ్ళు ఇప్పటికి పదకొండుమంది. ఇదే అంటున్నాను. మొదట్లో నవ్వుతూ అన్నాను. ఆరో మనిషి నుంచి నవ్వు మానేశాను.

నెర్మీన్ బల్ల అంచున నీలిరంగు పూస వేలాడుతోంది, వాళ్ళమ్మ కట్టింది, దిష్టి తగలకుండా. నా వైపుకే కట్టింది, అనుకోకుండానే కట్టి ఉండొచ్చు. ఎనిమిదేళ్ళ కిందట ఈ పిల్ల నేను పనిచేసే ప్రూఫుల గదికి వచ్చినప్పుడు గోళ్ళు కొరుక్కునేది, నా కుర్చీ పక్కనే కూర్చునేది, నా టీలోనే చక్కెర కలిపేది, ప్రతిదానికీ అక్కా అన్నట్టు అబ్లా ఇఫ్ఫత్, అబ్లా ఇఫ్ఫత్ అని వెంట తిరిగేది. ఒకనాడు ఒక దళసరి కాగితాల కట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. రాత్రంతా చదివాను. పొద్దున్నే ఆమెతో, బాగుంది కానీ పచ్చిగా ఉంది, ఒక ఏడాది సొరుగులో పెట్టు, పండనీ అన్నాను. అది అబద్ధం. అది పండే ఉంది. మూడో పేజీకే నాకు తెలుసు. నెర్మీన్ నా మాట విని సరేనంది, సొరుగులో పెట్టలేదు. నాలుగు నెలల్లో అచ్చయింది. ‘మూడో అంతస్తు పెళ్ళికూతురు’. ఆ పేరు వినగానే ఇప్పుడు మెట్రోలో అమ్మాయిలు ఒకరి చెయ్యి ఒకరు నొక్కుకుంటారు. అచ్చయిన రోజున నేను గదిలో అందరికంటే గట్టిగా, దిష్టి తగలకూడదని, మాషా అల్లా అన్నాను. నెర్మీన్ నన్ను కావలించుకుని, “మీరొక్కరే అబ్లా, మనస్ఫూర్తిగా అనేది” అంది. ఆ మాట ఇవాళ్టికీ చేపముల్లులా గుచ్చుకునే ఉంది.

లౌడ్‌స్పీకరులో ఎవరో పిల్ల తప్పిపోయిందని చెబుతున్నారు. ఎర్ర కోటు, అయిదేళ్ళు, పేరు జుమానా, తల్లి ఎక్కడున్నా ఒకటో ద్వారం దగ్గరికి రావాలి. నేను కూడా ఇలాగే చెప్పించుకుంటే బాగుండును, యాభైనాలుగేళ్ళు, నల్ల కోటు, పేరు ఇఫ్ఫత్, ఈమె పాఠకులు ఎక్కడున్నా రెండో హాలుకు రావాలి. మాగ్దా వస్తానంది. ఇందాక ఫోన్ చేసి రింగురోడ్డు మీద ఇరుక్కున్నానంది, వెనక కుక్కరు ఈల వినిపించింది. మా మేనత్త కొడుకు వచ్చాడు పాపం, నిలబడ్డాడు, నాతో ఫోటో దిగాడు, పుస్తకం తీసుకోమంటే, “నువ్వు నాకు ఇవ్వాల్సింది గానీ నేను కొనడమేంటి ఇఫ్ఫత్, పరాయివాళ్ళమా?” అన్నాడు. మా చుట్టాలందరిదీ అదే లెక్క. పుస్తకం అచ్చయింది అనగానే పండుగ బిస్కెట్ల పళ్ళెంలాగా ఇంటింటికీ పంపుతానని కాచుకుని కూర్చున్నారు, పంపాను, ఎవరూ చదవలేదు. మాగ్దా నా పేరుతో ఫేస్‌బుక్ పేజీ పెట్టింది. కాఫీ కప్పు పక్కన నా పుస్తకం, గులాబీ పక్కన నా పుస్తకం, పిల్లి పక్కన నా పుస్తకం. పిల్లి చాలామందికి నచ్చింది. ఏ జాతి పిల్లి అని అడిగారు.

ఈ గంట నాకు ఊరికే రాలేదు. మా ప్రచురణకర్త ఉస్తాజ్ షుక్రీ సొరుగులో నా రెండో నవల రెండేళ్ళుగా పడుకుని ఉంది. వెళ్ళినప్పుడల్లా చదువుతున్నా అంటాడు. పోయిన వారం గట్టిగా అడిగితే, ప్రదర్శనలో ఒక గంట ఇస్తాను, ఎంతమంది వస్తారో చూద్దాం, దాన్నిబట్టి మాట్లాడుకుందాం అన్నాడు. ఆయన అదిగో, నెర్మీన్ కుర్చీ వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పెళ్ళికొడుకు తండ్రిలాగా. మధ్యమధ్య నా వైపు చూస్తున్నాడు. చూసినప్పుడల్లా నేను పెన్ను చేతిలోకి తీసుకుని, అట్టముక్క వెనకాల ఏదో రాస్తున్నట్టు గీస్తున్నాను. చిన్నప్పుడు ఇన్‌స్పెక్టరు వస్తే మా లెక్కల టీచరు ఇలాగే చేసేది.

పోనీ నెర్మీన్ బాగా రాయకపోతే సుఖంగా ఉండేది. తిట్టుకునేదాన్ని, నిద్రపోయేదాన్ని. ఆమె ప్రతి పుస్తకానికీ ప్రూఫులు దిద్దేది నేనే, ఎక్కడ బాగుందో నాకంటే ఎవరికి తెలుసు. నాదొక పద్ధతి ఉంది. ఫైలు ఇంటికి తెచ్చుకుని, తప్పులు దిద్దుతూ దిద్దుతూ, పక్కన కాదు, అక్కడే వాక్యాల మధ్యలో, బ్రాకెట్లు పెట్టి ఎర్రటి అక్షరాల్లో నా మనసులో మాట రాసుకుంటాను. రాసినవాళ్ళతో దెబ్బలాడతాను, ఎగతాళి చేస్తాను, ఏడుస్తాను. ఒంటరి ఇంట్లో మాట్లాడ్డానికి ఎవరున్నారు. పని అయ్యాక ఇంకో ప్రతి తీసి, బ్రాకెట్లన్నీ చెరిపేసి, శుభ్రంగా తల దువ్విన ఫైలు షుక్రీకి పంపుతాను. ముప్పై ఏళ్ళుగా ఇంతే. ఆ ఎర్ర అక్షరాలు ఏ మనిషీ చూడలేదు.

దొంగ ముద్రణల సంగతి వచ్చేసరికి నాకు పూర్తిగా మతిపోయింది. నెర్మీన్ మొదటి నవల వచ్చిన రెండు నెలలకే అతబా బజారులో కాలిబాట మీద, ప్లాస్టిక్ పట్టా పరిచి, వంటల పుస్తకాలకీ కలల ఫలితాల పుస్తకాలకీ మధ్యలో దాని దొంగ ప్రతులు పేర్చారు. సన్న కాగితం, మసక అక్షరాలు, అట్టబొమ్మలో పెళ్ళికూతురి ముఖం పచ్చగా. నెర్మీన్ ఫేస్‌బుక్‌లో కన్నీళ్ళు పెట్టుకుంది, నా చెమట దోచుకుంటున్నారంది, వేలమంది ఓదార్చారు. నేనూ ఓదార్చాను. ఓదారుస్తూనే నా కడుపు రగిలిపోయింది, ఎందుకంటే ఈ ఊళ్ళో కాలిబాట మీదికి ఊరికే ఎవరినీ ఎక్కించరు. జనం అడిగితేనే దొంగలు అచ్చేస్తారు. బహుమతుల కమిటీలు మొహమాటపడతాయి, పత్రికలవాళ్ళు స్నేహానికి రాస్తారు, కాలిబాటవాడికి ఎవరి మొహమాటమూ లేదు. వాడు నా పుస్తకం దొంగిలించలేదు. ఇంతకంటే అవమానం ఉంటుందా? చివరికి ఈ మధ్యే నేను అతబా వెళ్ళాను. బయ్యూమీ అని, అక్కడ పాతికేళ్ళుగా పట్టా పరిచే మనిషి, పొట్టిగా, ఉన్ని టోపీ. ‘బాల్కనీ తాళంచెవి’ ఉందా అని అడిగాను. లేదన్నాడు. వారం తర్వాత నల్లద్దాలు పెట్టుకుని వెళ్ళి అడిగాను. మూడోసారి గొంతు మార్చి, పై ఊళ్ళ యాసలో అడిగాను. బయ్యూమీ నన్ను ఎగాదిగా చూసి, పెద్దావిణ్ణి పిలిచినట్టు, “హాజా, ఈ పుస్తకం ఈ మహానగరంలో నువ్వొక్కదానివే అడుగుతున్నావ్. నీకేమవుతుంది అది?” అన్నాడు. నాదే అని చెప్పేశాను. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే వచ్చేసేదాన్నేమో. అచ్చేయడానికి సరుకు చేతిలో ఉంటే చూద్దాం అన్నాడు. మర్నాడు నా పుస్తకం ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళి ఇచ్చాను. పుస్తకాన్ని దొంగలకు కట్నంలా తీసుకెళ్ళి అప్పజెప్పిన రచయిత్రిని ఇంకెక్కడా చూసి ఉండరు.

ఆ పెన్‌డ్రైవ్‌లో ఇంకో ఫైలు ఉంది. నెర్మీన్ కొత్త నవల, ‘శుక్రవారం ఇస్త్రీ’, ఇవాళ ఈ జనమంతా పట్టుకుని నిలబడ్డది. మరిచిపోయి ఇచ్చాను అని మూడు వారాలుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. బస్సులో చెప్పుకున్నాను, స్నానం చేస్తూ చెప్పుకున్నాను. కానీ ఆ సాయంత్రం బయ్యూమీ ఫోన్ చేశాడు. ఆ సంగతి చెప్పుకోను. “హాజా, ఇందులో రెండున్నాయి. రెండోది నెర్మీన్‌ది, ఇంకా బజార్లోకి రాందిలా ఉంది. రెండూ వెయ్యమంటావా?” అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. పొంగనిచ్చాను. వద్దు అనడానికి ఎంతసేపు పడుతుంది, ఒక్క మాట, చిన్నపిల్లకు కూడా వచ్చే మాట. నేను, “ముందు నాది వెయ్యి” అన్నాను. అదీ నేను. బయ్యూమీ నాది వెయ్యలేదు. నెర్మీన్‌ది వేశాడు, ఆమె అసలు ప్రతులు ప్రెస్సు నుంచి రావడానికి నాలుగు రోజుల ముందే.

నాలుగున్నర. వరుస కదులుతోంది, తరగడం లేదు. నెర్మీన్ ఒక్కొక్కరి పేరూ అడిగి, తలెత్తి కళ్ళలోకి చూసి రాస్తోంది, అదీ నేను నేర్పిందే, ప్రూఫుల గదిలో ఒక పాత రచయిత సంతకం గురించి చెబుతూ. పొద్దున షుక్రీ దుకాణంలో అందరినీ నిలబెట్టాడు. “ఫైలు నలుగురి చేతుల్లోనే ఉంది, నెర్మీన్, నేను, ఇఫ్ఫత్, ప్రెస్సులో ఒక మనిషి, ఎవరు లీకు చేశారో తేలుతుంది, తేలినరోజు వాడు ఈ ఊళ్ళో ఏ ప్రెస్సు గుమ్మమూ తొక్కలేడు” అన్నాడు. ప్రెస్సు మనిషి ముఖం తెల్లబోయింది, ఆయనకు ముగ్గురు ఆడపిల్లలు. నేను అందరికంటే ముందు తల ఊపాను. నెర్మీన్ నా చెయ్యి పట్టుకుని, పాపం మీరు కూడా ఎంత కష్టపడ్డారు అబ్లా దీని మీద అంది. చెయ్యి లాక్కోవాలనిపించింది. దొంగ ప్రతి ఎలా ఉందో నేను చూడలేదు. అతబా వైపు మళ్ళీ వెళ్ళలేదు, ఎవరి చేతిలోనైనా కనబడితే ముఖం తిప్పుకున్నాను.

ఎర్ర కోటు పిల్ల తల్లి ఇంకా రాలేదట. నా బల్ల అంచున ఎవరో బరువైన సంచి దించారు. ఇరవయ్యేళ్ళ అమ్మాయి, మెడకు ఆవపువ్వు రంగు మఫ్లరు, చేతిలో న్యూస్‌పేపరు అట్ట వేసిన పుస్తకం. ఆమె ముందు నలుగురే ఉన్నారు. ఆ అమ్మాయి వంగి, రహస్యంలా, దొంగ ప్రతి తెస్తే నెర్మీన్ గారు సంతకం పెడతారా, కోప్పడతారా అని నన్ను అడిగింది. కోప్పడుతుంది, అసలు ప్రతి కొనుక్కో తల్లీ అన్నాను. డబ్బు లేక కాదట. కొనుక్కుందామనే వచ్చిందట, దుకాణంలో తిరగేసి చూసి, మళ్ళీ పెట్టేసిందట. “అసలుదాంట్లో ఆవిడ లేదు మదామ్” అంది.

ఎవరు లేదు అన్నాను.

అమ్మాయి పుస్తకం తెరిచింది. పేజీ చివరలు మడతలు పెట్టి ఉన్నాయి, పదో పన్నెండో. సన్న కాగితం, మసక అక్షరాలు, వాక్యాల మధ్యలో బ్రాకెట్లు. నల్ల బ్రాకెట్లు. మా ఇంట్లో అవి ఎర్రగా ఉండేవి, బయ్యూమీకి రంగులతో పనేముంది. నేను చెరిపేసిన ఫైలు కాదు, చెరపని ఫైలు ఇచ్చాను. అమ్మాయి వేలు పెట్టి చూపిస్తూ, నవ్వుతూ చదువుతోంది, ఇది చూడండి, ఇతను ఇరవయ్యో పేజీలో టీ తాగాడు, ఇరవై రెండులో మళ్ళీ తాగుతున్నాడు, ఈ నవలలో మరుగుదొడ్డి ఎక్కడుంది తల్లీ అంటుంది. ఇది చూడండి, ఇంత అందగాడు మా షుబ్రా పేటలో నాకెన్నడూ ఎదురుపడలేదు, పడి ఉంటే ఇలా ప్రూఫులు దిద్దుకుంటూ కూర్చునేదాన్నా అంటుంది. వరుసలో వెనకాలున్న ఇద్దరు కూడా మెడలు సాచి, ఆ, ఆవిడా, మా ఇంట్లో అందరికీ ఆవిడంటే ఇష్టం అన్నారు. ఇంకొకతను కథ దాటేసి ముందు బ్రాకెట్లే చదివేశానన్నాడు. ముప్పై ఏళ్ళుగా నేను రాసిందేదీ ఇద్దరు మనుషులు నా ఎదురుగా చదివి నవ్వడం నేను చూడలేదు.

అమ్మాయి ఒక పేజీ దగ్గర ఆగింది, నవ్వు మానేసింది. ఆ పేజీ నాకు చూడకుండానే తెలుసు. చనిపోయిన భర్త చొక్కాలను ప్రతి శుక్రవారం ఇస్త్రీ చేసే ఆడమనిషి, ఇస్త్రీ వేడికి చొక్కాలోంచి ఆయన వాసన లేచింది అని నెర్మీన్ రాసిన చోటు. కింద నా బ్రాకెట్టు. అమ్మాయి మెల్లగా చదివింది, మా నాన్న పోయాక నేను కూడా ఆయన చొక్కా ఇస్త్రీ చేశాను, వాసన రాలేదు, కాలిన గుడ్డ వాసన వచ్చింది అంతే, అయినా నీ అబద్ధమే నా నిజం కంటే నిజంలా ఉంది, ఈ వాక్యం నేను రాయాల్సింది, నువ్వు రాసేశావు, నాకు కడుపు మండుతోంది. చదివి, ఇక్కడ ఏడ్చేశాను మదామ్, ఇస్త్రీ దగ్గర కాదు, ఇక్కడ అంది.

ముందు ముగ్గురు. నెర్మీన్ ఆ బ్రాకెట్లు చూస్తే రెండో వాక్యానికే గుర్తుపడుతుంది, ఎనిమిదేళ్ళు నా పక్కన కూర్చుంది, నా గొంతు దానికి తెలుసు. వెనకాలే షుక్రీ. రెండో నవల ఆ సొరుగులోనే కుళ్ళిపోతుంది, ప్రూఫుల పని పోతుంది, ఈ హాల్లోకి మళ్ళీ టిక్కెట్టు కొనుక్కుని రావాలి. చెయ్యాల్సింది తెలుస్తూనే ఉంది, చేశాను కూడా. నా కుర్చీ వెనక పేర్చిన నెర్మీన్ పుస్తకాల దొంతరలోంచి అసలు ప్రతి ఒకటి లాగి, ఇదిగో, నా తరఫున ఉంచుకో, ఆ దొంగది ఇటిచ్చెయ్, రచయిత్రి మనసు కష్టపెట్టకు అన్నాను. నా గొంతు పెద్దమనిషి గొంతులా వచ్చింది. అమ్మాయి పుస్తకాన్ని గుండెకు అదుముకుంది. వద్దు అంది. ఆవిడ ఎవరో నెర్మీన్ గారినే అడుగుతుందట. “ఆవిణ్ణి సృష్టించింది నెర్మీన్ గారే కదా. అసలు కథ కంటే ఆవిణ్ణే బాగా రాశారు. ఈసారి పుస్తకమంతా ఆవిడ మీదే రాయమని అడుగుతా” అంది.

ముందు ఇద్దరు. ఏమంది ఈ పిల్ల? నా టీ, నా షుబ్రా, నా నాన్న చొక్కా, ఒంటరి ఇంట్లో నా కడుపుమంట, అవి కూడా నెర్మీన్ రాసినవేనా? పెళ్ళికూతురు ఆమెది, ఇస్త్రీ ఆమెది, ఈ వరుస ఆమెది, కాలిబాట ఆమెది, చివరికి ఆమె మీద నా అసూయ కూడా ఆమెదేనా? రేపు ఎవరో పత్రికలో రాస్తారు, అసూయపడే ఆ స్త్రీ పాత్ర అద్భుతం అని, బహుమతి కూడా ఇస్తారు, నెర్మీన్ నవ్వుతూ తీసుకుంటుంది, నేను మాషా అల్లా అంటాను. అనను. అది మాత్రం ఇవ్వను. ప్రాణం పోయినా ఇవ్వను.

“ఇలా తే” అన్నాను. అమ్మాయి ఎందుకో తెలియకుండానే ఇచ్చింది. నీ పేరేంటి అని అడిగాను, తలెత్తి, కళ్ళలోకి చూసి. సల్సబీల్ అంది. ఇస్త్రీ పేజీలో నా బ్రాకెట్టు కింద కొంచెం ఖాళీ ఉంది. సల్సబీల్‌కి, బ్రాకెట్లలో ఉన్నావిడ నేనే అని రాసి, ఇఫ్ఫత్ అని పూర్తి పేరుతో సంతకం పెట్టి, తేదీ వేశాను. ఈ గంటలో నేను పెట్టిన మొదటి సంతకం అది. పెన్ను ఆపాక ప్రెస్సు మనిషి గుర్తొచ్చాడు, తెల్లబోయిన ఆయన ముఖం, ముగ్గురు ఆడపిల్లలు. పోనీ, ఆయన ఇవాళ నిద్రపోతాడు. ఆ ఆలోచన ముందుగా రాలేదు, వచ్చిందని చెప్పుకుంటే బాగుండేది.

సల్సబీల్ సంతకం చూసింది, బల్ల మీద అట్టముక్క చూసింది, నన్ను చూసింది. ఈలోగా ఆమె వంతు వచ్చేసింది. తెరిచిన పుస్తకం అలాగే పట్టుకుని వెళ్ళి నెర్మీన్ ముందు పెట్టింది, ఏదో చెప్పి చేత్తో నా వైపు చూపించింది. నెర్మీన్ చదివింది. ఇస్త్రీ పేజీ చదివింది, వెనక్కి తిప్పి ఇంకో మడత పేజీ చదివింది. పెన్ను బల్ల మీద పెట్టింది. తలెత్తి నన్ను చూసింది, నీలిపూస మీదుగా. కోపం కాదు అది, మొదటిసారి నా టీలో చక్కెర కలిపి, సరిపోయిందా అబ్లా అని అడిగినప్పటి చూపు. నేను తల దించుకోలేదు. ఆమె భుజం మీదుగా షుక్రీ వంగి చదివాడు, చదివి నిటారుగా అయ్యాడు. వరుసను పక్కకు తోసుకుంటూ నా బల్ల వైపు వస్తున్నాడు. జనం చాలా ఉన్నారు, ఆ ఆరడుగులూ దాటడానికి ఆయనకు కొంత టైము పడుతుంది.

వరుసలోంచి ఒకామె పక్కకు జరిగి నా బల్ల ముందుకు వచ్చింది. న్యూస్‌పేపరు అట్ట విప్పి, మడత పెట్టిన పేజీ తెరిచి నా ముందు పెట్టింది. ఆమె వెనకాల ఇంకొకతను. షుక్రీ వచ్చేలోగా ఇంకొక సంతకం అవుతుంది.

“నీ పేరేంటమ్మా?” అన్నాను.